అమ్మకి ఆకలి వెయ్యని ఏడాది

గర్భసంచి ఆపరేషన్ అయిన ఏడాదిన్నరకి మా అమ్మకి ఒళ్ళు బాగా వచ్చేసింది. తొంభైల్లో మాట ఇది. అప్పుడు నేను నిడదవోలులో పదో తరగతిలోకి వచ్చాను. నాన్న రైల్వేలో గూడ్సు క్లర్కు. స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక పెద్ద పెంకుటింట్లో వెనక వాటా మాది. ముందు గదిలో ఒక ముసలాయన ఒక్కరే ఉండేవారు. వీధంతా ఆయన్ని కాంపౌండరుగారు అనేవాళ్ళు. నేను తాతగారూ అని పిలిచేదాన్ని. వయసులో మిలట్రీ ఆసుపత్రిలో పనిచేసి, ఆ తర్వాత తణుకులో ఒక డాక్టరు దగ్గర చాలా ఏళ్ళు మందులు కట్టి ఇచ్చి, ఇక చెయ్యలేక మానుకున్న మనిషి.

అమ్మ లావైందని మేమెవరమూ అనుకోలేదు. కానీ ఒక పెళ్ళిలో దూరపు చుట్టం ఒకావిడ అమ్మని దాటి వెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, గుర్తుపట్టలేకపోయాను సుమా అందట. ఆ మాట పట్టుకుని అమ్మ పది రోజులు గుమ్మం దాటలేదు. ఆ తర్వాత ఆవిడ ద్వారానే రాజమండ్రిలో సన్నబడ్డానికి మందులిచ్చే డాక్టరు సంగతి తెలుసుకుని, ఒక సోమవారం పొద్దున్న ప్యాసింజరెక్కి వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చేటప్పటికి చేతిసంచీలో మూడు తెల్ల కవర్లున్నాయి. వాటిమీద మందు పేరు లేదు. ఎప్పుడు వేసుకోవాలో మాత్రం పెన్నుతో రాసి ఉంది. పొద్దున్న గులాబి రంగుది, మధ్యాహ్నం పసుపుది సగం, పడుకునే ముందు చిన్న తెల్లది. ఏం మందని నాన్న అడిగితే, పెద్ద డాక్టరుగారిని అవన్నీ అడుగుతారా ఏంటండీ అని నవ్వేసింది.

నిజం చెప్పాలంటే, ఆ మొదటి నాలుగు నెలల అమ్మలాంటి అమ్మని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆపరేషన్ అయ్యాక ఎప్పుడూ నీరసంగా మంచం మీద వాలి ఉండే మనిషి, నేను లేచేసరికి వాకిలి కడిగి, ముగ్గేసి, బట్టలు ఉతికి ఆరేసి ఉండేది. మూలపడ్డ కుట్టు మిషను బయటికి తీసింది. తన జాకెట్లన్నీ బిగించుకుంది. వీధిలో వాళ్ళకి కుట్టి పెట్టింది. నా చదువు దగ్గర కూర్చుని తను పాఠాలు చదివి నాకు అప్పజెప్పేది. నాన్నతో బజారుకి వెళ్తే ఆయనకన్నా నాలుగడుగులు ముందే ఉండేది. అందరూ మెచ్చుకునేవాళ్ళు. పెళ్ళిలో ఆ మాట అన్నావిడే ఒకసారి మా ఇంటికొచ్చి, అమ్మ చుట్టూ తిరిగి చూసి, తనకూ ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాలనుందని చెప్పింది.

అన్నం మాత్రం తినేది కాదు. పెరుగన్నం రెండు ముద్దలు కలిపి, ఒకటి తిని, రెండోది పళ్ళెంలో అలాగే వదిలేసేది. ఆకలెయ్యట్లేదే అనేది సంతోషంగా. నోరెండిపోతోందని ఎప్పుడూ చేతిలో నీళ్ళ గ్లాసు ఉండేది. సూదిలో దారం ఎక్కించబోతే వేళ్ళు వణికేవి. ఏమీ నమలకపోయినా దవడలు కదులుతూనే ఉండేవి. ఒక రోజు నా చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకుంది. అరచేతికి దెబ్బలా తగిలింది. నేను భయపడి చెయ్యి లాక్కుంటే, బలం వచ్చింది కదా, అందుకే అలా కొట్టుకుంటోంది అంది. చిన్న తెల్ల మాత్ర వేసుకున్నా నిద్ర పట్టడం మానేసింది. తర్వాతసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు ఆ మాట చెబితే, అది రెండు వేసుకోమన్నారట. గులాబి మాత్ర సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ ఏడాది అర్ధసంవత్సర పరీక్షల్లో నేనొక పని చేశాను. సోషల్ పరీక్షకి సగం పాఠాలు చదవలేదు. అమ్మ పెరట్లో ఉండగా అల్మారాలో కవరు తీసి, గులాబి మాత్ర ఒకటి మింగి బడికి వెళ్ళిపోయాను. పరీక్ష మొదలైన కాసేపటికి తలలో ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది. చుట్టూ ఉన్న చప్పుళ్ళన్నీ దూరమైపోయాయి. భయమనేదే లేదు. చదవని పాఠం కూడా నాకే తెలుసుననిపించింది. డెల్టా నేలలు, పంటల మీద ప్రశ్న ఒకటి ఉంటే దానికి జవాబు రాయడం మొదలుపెట్టాను. కాలవలు, లాకులు, చెరుకు, వరి, కొబ్బరి. రాస్తున్నకొద్దీ ఇంకా వస్తూనే ఉంది. మధ్యలో అదనపు కాగితాలు రెండుసార్లు అడిగి తీసుకున్నాను. గంట కొట్టినప్పుడు తలెత్తి చూస్తే మూడు గంటలూ అయిపోయాయి. నేను రాసింది ఆ ఒక్క జవాబే. పదకొండు పేజీలు. అందులో రెండు పేజీలు ఒకటే వాక్యం మాటలు మార్చి మార్చి రాసి ఉంది.

సాయంత్రానికి ఒళ్ళంతా ఉప్పు చల్లినట్టు మంట. ఎవరో నా వెనకే నడుస్తున్నారనిపించి, స్టేషన్ రోడ్డులో మూడుసార్లు ఆగి వెనక్కి చూశాను. ఎవరూ లేరు. మర్నాటికి తగ్గిపోయింది. సోషల్ పేపరు ఇచ్చినప్పుడు మేడం ఆ పదకొండు పేజీలూ నా ముందే ఒక్కొక్కటీ తిప్పి చూపించారు. ఆ మాత్ర ఏం చేస్తుందో ఆ ఇంట్లో అమ్మ తర్వాత తెలిసినదాన్ని నేనే. అయినా నోరు విప్పలేదు. చెబితే దొంగతనం బయటపడుతుంది. అదొక్కటే కాదు, చెబితే అమ్మ మళ్ళీ మంచం మీద వాలిపోతుందేమోనని కూడా భయపడ్డాను.

సంక్రాంతి వెళ్ళాక అమ్మ మాటల్లో తేడా వచ్చింది. ఇంటివాళ్ళ పనిమనిషి మన కిటికీ దగ్గర ఎందుకు ఆగుతోందని అడిగేది. చెంచాలు లెక్కపెట్టేది. నీళ్ళ బిందె మీద మూత పెట్టి, దాని మీద రుబ్బురాయి పొత్రం పెట్టేది. మోచేతి దగ్గర చర్మం కింద ఏదో పాకుతోందని గోకి గోకి పుండు చేసుకుంది. నాన్నకి ఆఫీసులో ఎవరో తన మీద చాడీలు చెబుతున్నారని ఆయన్నే నిలదీసేది. నాన్న నెమ్మది మనిషి. నీరసం వల్లనుకున్నారు. హార్లిక్స్ తెచ్చారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, బడి తొందరగా వదిలేస్తే నేను ఇంటికొచ్చాను. మా వాటాలో మొదటి గదిలో నేలంతా వార్తాపత్రికలు పరిచి ఉన్నాయి. వాటి మీద కుట్టు మిషను, రేడియో, గోడ గడియారం మొత్తం విప్పేసి, మరలన్నీ పెద్దవి ఒక పక్కా చిన్నవి ఒక పక్కా వరసగా పేర్చి ఉన్నాయి. ఎంత తీరుగా పేర్చిందంటే, చూడ్డానికి అందంగా ఉంది. అమ్మ మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుంది. కిటికీలకి కూడా కాగితాలు అంటించేసింది.

"తలుపేసిరా" అంది మెల్లగా. "వాళ్ళు వింటున్నారు. దేంట్లో పెట్టారో తెలియట్లేదు."

తలుపు వేసి వచ్చాను. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా తల అటూ ఇటూ తిప్పి చూసింది. చెవుల వెనక తడిమింది. జడ చేతిలోకి తీసుకుని వేళ్ళతో నొక్కి చూస్తూ కొసదాకా వెళ్ళింది. ఇందులో పెట్టేశారే అంది. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర పక్కనే ఉంది. అందుకుంది. నేను కదలలేదు. అరవలేదు కూడా. స్టేషన్ రోడ్డులో వెనక్కి తిరిగి చూసిన ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఇప్పుడు అమ్మకి కనబడుతున్నది ఎంత నిజంగా కనబడుతోందో నాకు తెలుసు. అందుకే కదిలితే ప్రమాదమని తెలుసు. కత్తెర మెడకి చల్లగా తగులుతోంది. నెప్పెడుతోందా అమ్మలూ అని అడుగుతూ, చాలా జాగ్రత్తగా, మెడ దగ్గరికంటా కత్తిరించింది. తెగిన జడని కాగితం మీద పెట్టి, దాన్ని ముక్కలు చెయ్యడం మొదలుపెట్టింది.

కిటికీలకి కాగితాలు అంటించడం చూసి కాబోలు, కాంపౌండరు తాతగారు తలుపు తట్టకుండా, వరండాలోంచే పిలిచారు. తన గదిలో దీపం వత్తి అయిపోయిందనీ, కొంచెం దారం ఇవ్వమనీ అడిగారు. అమ్మ కత్తెర కింద పెట్టి, దారం కోసం లేచింది. నేను గడియ తీశాను. ఆయన లోపలికి రాగానే మొదట కత్తెర మీద కాలు వేసి నిలబడ్డారు. తర్వాత అమ్మ కళ్ళలోకి చూశారు. నాతో, నాన్నని తీసుకురామన్నారు. నేను మెడ మీద వెంట్రుకలతోనే స్టేషనుకి పరుగెత్తాను.

ఆ సాయంత్రం అమ్మ గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే, వరండాలో తాతగారు నాన్నకి చెప్పిన మాటలు నాకింకా గుర్తున్నాయి. ఆయన గొంతు పెంచలేదు.

"ఇవి మాకు కొత్త కాదు బాబూ. యుద్ధంలో బర్మా వైపున్నప్పుడు ఇలాంటి బిళ్ళలే పంచేవాళ్ళం. నిద్రుండదు, ఆకలుండదు, మూడ్రోజులు ఆగకుండా నడిచేవాళ్ళు. ఆ తర్వాత చెట్లని చూసి మనుషులనుకుని కాల్చిన వాణ్ణి నేను పట్టుకున్నాను."

యుద్ధం అయిపోయాక అవి మందుల షాపుల్లోకి వచ్చాయని చెప్పారు. దిగులుకి ఇచ్చేవారట, ఒళ్ళు తగ్గడానికి ఇచ్చేవారట, ముక్కు దిబ్బడకీ ఇచ్చేవారట. మనుషులు పాడవుతున్నారని తెలిసి ఒకటి ఆపితే, కొద్దిగా మార్చిన ఇంకోటి మరో పేరుతో వచ్చేదట. తణుకులో లారీ డ్రైవర్లకీ, పరీక్షలకి చదివే పిల్లలకీ, ఒక ప్లీడరుగారి భార్యకీ తన చేత్తోనే పొట్లాలు కట్టి ఇచ్చానన్నారు. ఆ ప్లీడరుగారి భార్య ఏమయ్యారని నాన్న అడిగారు. తాతగారు లేచి, అమ్మ గది వైపు ఒకసారి చూసి వచ్చి కూర్చున్నారు. మీ ఆవిడ దవడలు చూసి దసరా నాడే పోల్చుకున్నాను, చెబితే మీరేమనుకుంటారోనని ఊరుకున్నాను, తప్పు నాది అన్నారు. నేను స్తంభం వెనక నిలబడి విన్నాను. ఆయనలా నా తప్పూ చెప్పుకోవడానికి అదే సమయం. చెప్పలేకపోయాను.

మర్నాడు నాన్న కవర్లన్నీ పట్టుకుని ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఆయన చాలా మర్యాదగా మాట్లాడారట. మీ ఆవిడకి మొదట్నించీ మనసు బలహీనం అయ్యుంటుందండి అన్నారట. మందులు ఒకసారి చూడాలని కవర్లు లోపలికి తీసుకెళ్ళి, మళ్ళీ తిరిగివ్వలేదట.

అమ్మని రాజమండ్రిలోనే ఇంకో ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టరు చెప్పింది తర్వాత నాన్న నాకు చెప్పారు. ఈ మందులు కొత్తగా బలం ఏమీ ఇవ్వవట. ఒంట్లో దాచుకున్నదాన్నే బయటికి లాగి ఖర్చుపెట్టిస్తాయట. గుండె పరుగెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, నిద్ర దూరమవుతుంది. నిద్ర లేకపోయేసరికి లేనివి కనబడతాయి. మాత్రలు ఆపిన రెండు వారాలకి ఎవరో వింటున్నారన్న అనుమానం పోయింది. ఆ తర్వాత అమ్మ నిద్రపోయింది. ఒక రోజు కాదు, దాదాపు నెల. లేపి అన్నం పెడితే తిని మళ్ళీ పడుకునేది. లేచి ఉన్నంతసేపూ గోడ వైపు తిరిగి ఏడిచేది. నా జుట్టు చూసి, ఎవరు కత్తిరించారే అని అడిగింది. నేనే కత్తిరించుకున్నానని చెప్పాను.

ఒళ్ళు ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చేసింది, ఇంకా ఎక్కువే. కుట్టు మిషను ఎవరూ బిగించలేకపోయారు. తాతగారు ఆ పైయేడు వానాకాలంలో పోయారు.

రెండువేల సంవత్సరం దాటాక, నేను రాజమండ్రిలో లెక్చరరుగా చేరి కాపురం పెట్టాక, అమ్మ మా మేడ మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోయింది. గుండె స్కాన్ చేశారు. కవాటం మందంగా తయారై సరిగ్గా మూసుకోవడం లేదన్నారు. ఆ డాక్టరమ్మగారు వయసులో చిన్నావిడ. రిపోర్టు చూస్తూ, ఎప్పుడైనా సన్నబడ్డానికి మాత్రలు వాడారా అని అడిగింది. వాడిందని చెప్పాను. అలాంటి వాటిలో కొన్నింటిని కవాటాలు పాడు చేస్తున్నాయనే ఆపేశారనీ, మీ అమ్మగారు ఏం వాడారో పేరు తెలియకుండా కచ్చితంగా చెప్పలేననీ అంది. కవర్ల మీద పేరు ఉండేది కాదని చెప్పాను.

బయట వరండాలో బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుని, డాక్టరు చెప్పింది వీలైనంత మెల్లగా చెప్పాను. పనిలో పనిగా ఆ పరీక్ష నాడు నేను మింగిన మాత్ర గురించి కూడా చెప్పేశాను. అమ్మ కోప్పడలేదు. నా వైపు తిరిగి, కుతూహలంగా అడిగింది.

"అయితే నీకు తెలుసన్నమాట. ఎంత బాగుండేదో తెలుసు కదా?"

తెలుసు. ఆ మూడు గంటల పాటు తలలో ఉన్న వెలుగు ఇప్పటికీ, అప్పుడప్పుడు పాఠం చెబుతూ అలిసిపోయినప్పుడు గుర్తొస్తుంది. ఆ మాట అమ్మతో అనలేదు. అమ్మే మళ్ళీ అంది.

"నా జన్మలో నేను మనిషిలా బతికింది ఆ నాలుగు నెల్లేనే. ఇప్పుడవి ఎక్కడా దొరకవంటావా?"

దొరకవమ్మా అన్నాను. ఆటో కోసం రోడ్డు మీదికి నడిపించుకొస్తుంటే, ఎదురు వీధి మొదట్లో, సన్నబడాలనుకునే వాళ్ళకోసం అప్పుడే పెట్టిన కొత్త బోర్డు ఒకటి కనబడింది. అమ్మ కళ్ళజోడు తెచ్చుకోలేదు. అయినా నేను బోర్డుకి అడ్డంగా జరిగి నిలబడి, ఆటో వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను.