శెట్టిగారి బండి, వాసవాంబ ముగ్గు

బండి బాగుచేయమని వచ్చినవాళ్ల ముందు ఆదికేశవులు వెంటనే స్పానర్ పట్టుకోడు. స్టూలు జరిపి కూర్చోబెడతాడు, టీ చెప్తాడు, ఆ తర్వాత డాక్టరులా ముందుకు వంగి, "ఇప్పుడు చెప్పండి, ఎప్పట్నించి అలిగింది?" అని అడుగుతాడు. చూలైలో ఆయన షెడ్డు బారెడు వెడల్పు కూడా ఉండదు. అయినా కబుర్ల కోసం కూర్చునేవాళ్లకు చోటు ఎప్పుడూ దొరుకుతుంది.

పుట్టింది పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో. తండ్రి అక్కడి ఫ్యాక్టరీలో రైలు పెట్టెలకు వెల్డింగు చేసేవాడు. కొడుకు కూడా అదే గేటు లోపలికి పోవాలని ఆయన ఆశ. పరీక్షలో పేరు రాలేదు. "మంచిదే అయింది కదప్పా! రైలు పెట్టె పలకదు. బండయితే నాతో కొట్లాడతాది" అంటాడు ఆదికేశవులు ఇప్పుడు. ఆయన చదువంతా మేనమామ మోపెడ్ మీద జరిగింది. అడక్కుండా విప్పి, అమ్మ అప్పడాలు ఎండబెట్టే చాప మీద ముక్కలన్నీ పరిచాడట. మళ్లీ బిగించడం తనకు రాకపోయేసరికి, మేనమామ వారం పాటు బస్సులో తిరిగాడట.

వాషర్‌మెన్‌పేట్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారి ధర్మలింగం శెట్టి కథ జరిగింది ఈ షెడ్డులోనే. అరవై దగ్గర పడ్డాక శెట్టిగారికి పెద్ద బండి మీద మోజు తీర్చుకునే వీలు చిక్కింది. సెకండ్ హ్యాండులో ఒకటి కొన్నారు. దాని మీద కూర్చుంటే మనిషే మారిపోతారు, మీసం కూడా పైకి లేస్తుంది. వచ్చిన చిక్కల్లా ఒకటే. అది రాత్రంతా వాకిట్లో నిలబడి, పొద్దున భార్య వాసవాంబ వేసిన ముగ్గు మీద నూనె కారుస్తోంది.

"ఆదివారం నా ముగ్గు మీద మరక కనపడిందా, సోమవారం బండి అమ్మేయాల అనేసింది. ఆమె అంటే అన్నట్టే" అని శెట్టిగారు ఆ బుధవారం వాపోయారు. "లివర్ కూడా మెత్తబడింది, గేరు వేస్తే కటకటమంటాది. ముగ్గు మీద చూస్తే ఎర్రగా..."

"తెలిసింది, తెలిసింది, క్లచ్చే!" అంటూ ఆదికేశవులు లేచాడు. ఆరోజు షెడ్డు నిండా బండ్లున్నాయి.

ఆ బండిలో క్లచ్‌కు తీగ ఉండదు. చేతి దగ్గర లివర్ నొక్కితే, పక్కనున్న చిన్న డబ్బాలోని నూనె గొట్టంలోంచి కిందికి తోసుకెళ్లి, ఇంజను పక్కనున్న పిస్టన్‌ను నెడుతుంది. ఆ కింది పిస్టన్ చుట్టూ తడిగా ఉంది. ఆదికేశవులు దాని రబ్బరు సీలు మార్చి, "పోండి శెట్టిగారూ, ఇంక మీ ముగ్గు మీద చీమ కూడా నడవదు" అని పంపించాడు.

శుక్రవారం మధ్యాహ్నం శెట్టిగారు బండిని తోసుకుంటూ వచ్చారు. మీసం వాలిపోయి ఉంది.

"మళ్లీ కారింది. ఎల్లుండే ఆదివారం."

ఆదికేశవులు బండిని లోపలికి తోసుకున్నాడు. గొట్టం మొదట్నుంచీ చివరిదాకా కడిగి, తుడిచి ఆరబెట్టాడు. తర్వాత ఎదురుగా ఉన్న తనింటి వైపు తిరిగి, "సత్యా! ఆ పౌడర్ డబ్బా తీసుకరా!" అని భార్యను కేకేశాడు.

సత్యభామ గుమ్మంలోకి వచ్చింది. "మళ్లీనా? నా మొహానికంటే నీ బండ్లకే ఎక్కువ పూస్తావుండావు. పోయి దాన్నే పెళ్లి చేసుకోవాల్సింది!"

"దానికి వంట రాదు కదే" అంటూ డబ్బా అందుకుని, లివర్ నుంచి ఇంజను దాకా తెల్లగా చల్లాడు. "శెట్టిగారూ, లివర్ నొక్కతా ఉండండి."

కాసేపటికి పౌడరు మీద సన్నటి తడిగీత పడింది. కిందినుంచి కాదు. పైన లివర్ మొదట్లో బయలుదేరి, గొట్టం వెంబడే జారి, కింది పిస్టన్ దగ్గర చేరింది. పైగా ఆ గీత గులాబీ రంగులో ఉంది.

"ఇదేందప్పా, బండి తాంబూలం ఏసుకునిందా?"

లివర్ పక్కనున్న డబ్బా మూత తీసి చూస్తే లోపల నూనె మామూలుగానే ఉంది. అంటే రంగు బయటెక్కడో కలుస్తోంది. లివర్ మొదట్లో నూనెను తోసే పై పిస్టన్‌కు తొడిగిన రబ్బరు టోపీ చిన్నగా చిట్లి ఉంది. దాన్ని లాగితే లోపల ఎర్రగా, పసుపుగా గట్టిపడిన ముద్ద బయటపడింది. ఆదికేశవులు వేలితో తీసి వాసన చూశాడు.

"గంధం! శెట్టిగారూ, ఇంట్లో బండికి బొట్టు పెడతారా?"

"ప్రతి శుక్రవారం వాసవాంబ పెడతాది. గంధం, కుంకుమ."

"ఏడ?"

"ఆడే, లివర్ మొదట్లో. నా చెయ్యి జారకూడదని."

ఆదికేశవులు స్టూలు మీద కూలబడి నవ్వాడు. సానరాయి మీద తీసిన గంధంలో సన్నటి రాతిపొడి ఉంటుంది. అది చిట్లిన టోపీలోంచి దిగి, లివర్ నొక్కినప్పుడల్లా సీలును గీకుతూ వచ్చింది. "ఎర్రగా అని మీరు మొదటిరోజే చెప్పబోయినారు. నేనే మధ్యలో లేచినా. నాకిది కావాల్సిందే."

శెట్టిగారికి నవ్వు రాలేదు. "బొట్టు పెడితే కారతాది. పెట్టకపోతే ఆమె బండి ఎక్కనీదు. ఎట్టయినా బండి పోయినట్టే."

"ముందు దీని జబ్బు కానీండి."

రబ్బరు ఉబ్బుతుందని పెట్రోలు తగలనివ్వకుండా, అదే క్లచ్ నూనెతో పై పిస్టన్ గదిని కడిగాడు. లోపలి గోడకు గీతలు పడలేదు. కొత్త సీలు, కొత్త టోపీ వేశాడు. నూనె నింపి, లివర్ నొక్కుతూ, కింద మర వదులు చేస్తూ బిగిస్తూ గాలి బుడగలు పోగొట్టాడు. "పాలు తాగిన బిడ్డకు తేన్పు తీయించకపోతే ఏడుస్తాది కదా, ఇదీ అంతే." లివర్ గట్టిపడింది.

శనివారం సాయంత్రం బండిని తనే ఇంటికి తీసుకెళ్లాడు. వాసవాంబ వాకిట్లోకి వచ్చింది, శెట్టిగారు అతని వెనక నిలబడ్డారు.

"అమ్మా, ఒక మాట. మనిషికి బొట్టు నుదుట పెడతామా, మోచేతికి పెడతామా?"

"ఇదేం ప్రశ్న నాయనా?"

"బండికి నుదురంటే ఇదిగో, హెడ్‌లైటు పైన. ఈడ పెట్టాలమ్మా."

వాసవాంబ అతన్నీ, భర్తనూ మార్చి మార్చి చూసింది. "అంటే కారింది నా గంధం వల్లే అని నేరుగా చెప్పకూడదా?"

"చెప్పినానే తల్లీ, కొంచెం చుట్టు తిరిగి."

"మరి ఈయన చెయ్యి జారితే?"

"జారని రబ్బరు గ్రిప్పులు వేసినా. పట్టుకోని చూడండి."

ఆమె నిజంగానే పట్టి చూసింది, లాగి చూసింది. "రేపటి ముగ్గు చెప్తాది" అని లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున ఆదికేశవులు తన పాత మోపెడ్ మీద వాషర్‌మెన్‌పేట్ వెళ్లాడు, అటువైపు ఏదో పని ఉన్నట్టు. ముగ్గు మల్లెపువ్వులా ఉంది. బండి దాని మధ్యలోనే నిలబడి ఉంది, హెడ్‌లైటు మీద నిండు బొట్టుతో. శెట్టిగారి మీసం మళ్లీ లేచింది.

వాసవాంబ గంధం గిన్నెతో మెట్లు దిగి, నేరుగా మోపెడ్ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. హెడ్‌లైటు ఉండాల్సిన చోట రెండు వైర్లు వేలాడుతున్నాయి.

"దీనికి నుదురేదీ?"

ఆదికేశవులు తల గోక్కున్నాడు. "రిపేరుకు నాకు తీరిక దొరకలేదమ్మా."

"అయితే ఓనరుకే పెడతా" అని ఆమె అతని నుదుటి మీద అద్దింది. ఆ బొట్టుతోనే ఆయన చూలై తిరిగొచ్చి, టీ చెప్పి, షెడ్డులో కబుర్లకు చేరిన మాకు మొదట్నించి చివరిదాకా కథ చెప్పాడు. చెప్తున్నంతసేపూ మొహం తుడుచుకోలేదు.