ఎర్రరంగు బోరింగు

ఫ్లోరైడు ద్రావణాన్ని గాజుసీసాలో నిల్వ ఉంచకూడదు. ఫ్లోరైడు గాజుకు పట్టుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ ద్రావణం బలం తగ్గుతుంది. దానితో పోల్చి కొలిచిన ప్రతి నీటి నమూనాలోనూ ఫ్లోరైడు ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. కడపలో నీటి పరీక్షలు చేసే ఒక ప్రయోగశాలలో పనిచేస్తున్న నాకు ఈ సంగతి తెలియక కాదు. కొత్తగా చేరినవారికి మొదటిరోజే నేను చెప్పే పాఠం ఇది. అయినా ఒక జనవరిలో ప్లాస్టిక్ సీసా పగిలితే, కొత్తది వచ్చేదాకా పరవాలేదనుకొని, ప్రమాణ ద్రావణాన్ని గాజుసీసాలో పోసింది నేనే.

అది డిసెంబరులో బయటపడింది. పాత దస్త్రాలు సరిచూస్తుంటే ఆ రోజుల్లో కొలిచిన అంకెలన్నీ ఒకే వైపుకు ఒరిగి కనిపించాయి. మిగిలిన ఊళ్ల విషయంలో తీర్పు మారలేదు. మారింది ఒక్కచోటే: బద్వేలుకు అవతల, చర్చి చుట్టూ కొద్ది ఇళ్లున్న ఒక పేటలోని బోరింగు. ఆ నీరు తాగవచ్చు. తాగకూడదని నివేదిక రాసి, బోరింగుకు ఎర్రరంగు వేయించింది నేను. మళ్లీ నమూనా తెప్పించి, కొత్త ద్రావణంతో మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ పరిమితికి లోపలే ఉంది.

సవరించిన నివేదికను తపాలాలో పంపితే చాలునని మా పై అధికారి అన్నారు. నిబంధన ప్రకారం అది నిజమే. ఆ కాగితాన్ని అక్కడ ఎవరైనా చదువుతారన్న నమ్మకం లేక నేనే బయలుదేరాను.

అది క్రిస్మస్ ముందురోజు ఉదయం. చర్చి గోడలకు నీలిరంగు వేస్తున్నారు. నిచ్చెన కింద నిలబడి పని చేయిస్తున్న పాస్టర్ గారు నన్ను గుర్తుపట్టారు. జనవరిలో నీటి నమూనా కోసం వచ్చినప్పుడు ఆయనతో కాసేపు వాదించాను. విమోచన అంటే ఏమిటని అడిగితే, ఏ పాపమూ ఎరగనివాడు మనుషుల పాపభారాన్ని తనమీద వేసుకొని వాళ్లను విడిపించడమనీ, అందుకోసం దేవుడు మనిషిగా పుట్టిన రోజే క్రిస్మస్ అనీ చెప్పారు. ఒకరి తప్పు మరొకరి మీదికి ఎలా మారుతుందో రుజువు చూపితే తప్ప ఒప్పుకోలేనన్నాను. ఆయన నవ్వారు.

ఈసారి వాదించడానికి రాలేదని చెప్పి ఆయనను బోరింగు దగ్గరికి తీసుకెళ్లాను. జనవరి నుంచీ ఆ నీటిని బట్టలుతకడానికే వాడుతూ, తాగేనీళ్లు దూరంగా రోడ్డు పక్కనున్న బోరింగు నుంచి మోసుకొస్తున్నారు. పక్క ఇంటి అరుగు మీద ఒక ముసలామె చేటలో బియ్యం ఏరుతోంది. ఆమె ఎడమచెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగి ఉంది.

“ఏమప్పా, ఎర్రరంగు కొట్టిపిచ్చిన సారు నువ్వే గదా? ఈతూరి ఏం రంగు తెచ్చినావు?” అంది.

“తప్పు నీళ్లది కాదవ్వా, నాది. ఈ నీళ్లు అప్పుడూ మంచివే. నేను తప్పుగా కొలిచాను.”

ఆమె చేట కింద పెట్టింది. “అంటే, ఇన్నాళ్లూ మేము రోడ్డు బోరింగు దాకా తిరిగిందంతా వట్టిదేనా?”

“అవును.”

“ఈ చెయ్యి ఆడనే విరిగింది. పాచి మీద కాలు జారి, నిండు బిందెతో పడినా.”

నాకు ఆ సంగతి తెలియదు. మా నివేదికలో అలాంటివి రాసే గడి లేదు.  

“పండగ పూట, క్షమించెయ్ అవ్వా” అన్నారు పాస్టర్ గారు.

ఆమె ఆయన మీదికి తిరిగింది. “నువ్వుండు అయ్యగారూ. నువ్వు ఒక్క బిందెన్నా మోసినావా? మోసినోళ్లు గదా క్షమించాల్సింది!”

 నేను ఆ వాక్యాన్ని మనసులో రాసుకున్నాను, ఎందుకంటే అది పరీక్షకు నిలిచే వాక్యం. తప్పు చేసినవాణ్ణి విడిచిపెట్టినంత మాత్రాన తప్పు బరువు ఆవిరైపోదు. అది ఎక్కడో ఒకచోట ఉంటుంది. పదకొండు నెలలుగా ఆ పేట ఆడవాళ్ల చంకల్లో ఉంది. ఒకరి తప్పు మరొకరి మీదికి ఎలా మారుతుందని జనవరిలో ఆయనను అడిగిన రోజే, జవాబును నమూనా సీసాలో పట్టుకొని వెళ్లాను. అలా మారడం న్యాయమా అన్నది వేరే ప్రశ్న. మారుతుందన్నదాన్ని మాత్రం ఇక కాదనలేను.

“కాగితం పంపిచ్చింటే సరిపోయేది. నువ్వెందుకొచ్చినావప్పా?” అని ఆమె అడిగింది.

“కాగితం చదవరేమోనని.”

“అదీ నిజమే. దేవుడు గూడా శానా కాగితాలు పంపిచ్చినాడు. ఎవురూ చదవల్యా. కడాకు తానే వచ్చినాడు. రేపు ఆ పండగే.”

“ఆ పోలిక కుదరదవ్వా. నేను నా తప్పుకు వచ్చాను. మీరు చెప్పే ఆయన ఏ తప్పూ చేయలేదు గదా.”

ఆమె పకపకా నవ్వి పాస్టర్ గారిని చూసింది. “చూడు అయ్యగారూ, నమ్మనోడు నీకంటే బాగా చెప్తాండాడు!”

తర్వాత లోపలినుంచి చెంబు తెచ్చి, “నువ్వు తాగు ముందు” అంది. బోరింగు కొట్టి పట్టుకొని తాగాను. ఆమె కూడా తాగి మొహం చిట్లించింది. “ఉప్పగనే ఉండాది, ఎప్పటి మాదిరే. రోడ్డు బోరింగు నీళ్లే తియ్యగుంటాయి.”

చర్చికి వేయగా మిగిలిన నీలిరంగును పాస్టర్ గారు తెప్పించి బోరింగుకు పూయించారు. ఒక్క పూతకు కింది ఎరుపు పూర్తిగా దాగలేదు. ఆరినాక ఇంకో పూత వేద్దామని ఆయన అంటే, “కనపడనీలే” అంది ఆమె.

ఆమె నన్ను క్షమించానని అన్నదా అని తర్వాత చాలాసార్లు గుర్తుతెచ్చుకున్నాను. అనలేదు. పండగ వంటకని బిందె తెచ్చి బోరింగు కింద పెట్టింది, నన్ను కొట్టమంది. నిండిన తర్వాత ఆమె కుడిచెయ్యి చాపితే, నేను అడ్డుపడి ఎత్తుకున్నాను. అక్కడినుంచి ఆమె గడపకు పద్నాలుగు అడుగులు. నాలుగో అడుగుకే చొక్కా తడిసింది.

“తొణక్కుండా తేప్పా” అని వెనకనుంచి వినబడింది. “ఇంగా శానా బిందెలుండాయి.”