ముడుపు రూపాయి మీద రంగులు

ముడుపు విప్పకూడదని నాకు తెలుసు. విప్పింది నేను కాదు, అది దానంతట అదే విడిపోయిందని ఇప్పటికీ వాదిస్తాను. దేవుడి గూట్లోంచి కిందికి తీయబోతే పదేళ్ల నాటి పసుపుగుడ్డ నా వేళ్ల మధ్యే చినిగింది. లోపలి వెండి రూపాయి జారి గచ్చు మీద పడింది.

అది నా ప్రాణానికి కట్టిన రూపాయి. నాకు ఏడేళ్లప్పుడు విషజ్వరం వచ్చింది. వైద్యుడు నాడి చూసి ఇక దేవుడే దిక్కని వెళ్లిపోతే, మా అమ్మ రూపాయిని పసుపునీళ్లలో తడిపిన గుడ్డలో మూటకట్టి, బిడ్డ బతికితే కొండకు తెచ్చి నీ హుండీలో వేయిస్తానని వెంకన్నకు మొక్కుకుందట. నేను బతికాను. కొండకు పోవడం మాత్రం కుదరలేదు. మా నాయన చిత్తూరు బెల్లం మండీలో తూకం వేసేవాడు. గానుగల కాలం అయిపోనీ అని ఒకసారి, వానలు తగ్గనీ అని ఒకసారి వాయిదా వేశాడు. మరుసటి ఏడు అమ్మ పోయింది. ఆ తర్వాత నాయన ముడుపు సంగతే ఎత్తలేదు. నాకు పదిహేడేళ్లు వచ్చి పెళ్లి కుదిరాక, మొక్కు తీర్చకుండా ఆడపిల్లను ఇంకో ఇంటికి పంపకూడదని ప్రయాణం పెట్టాడు.

కింద పడిన రూపాయిని ఎత్తి చూశాను. వెండి తెల్లగా ఉంటుందని తెలుసు, నల్లబడుతుందనీ తెలుసు. ఇది రెండూ కాదు. అంచు చుట్టూ ముదురు నీలం, దాని లోపల వంగపండు రంగు, ఇంకా లోపలికి వస్తే తేనె రంగు, రాజుగారి బొమ్మ చెంప మీద మాత్రం కొంచెం పచ్చ. వాకిట్లోకి తెచ్చి వంచితే రంగులు ఒకదాంట్లోకి ఒకటి జరిగాయి. గుడ్డ మడతలు పడిన చోట సన్నటి గీతలు కూడా ఉన్నాయి. నాకు అమ్మ ముఖం సరిగా గుర్తులేదు. ఆమె వేసిన మడతలు మాత్రం ఇలా నా అరచేతిలో ఉన్నాయి. ఆ రూపాయి ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

బుద్ధిగా మళ్లీ కట్టేయాల్సింది. నేను దాన్ని కొంగున ముడేసుకుని బజారు వీధిలో ఆచారి తాత దగ్గరికి పోయాను. ఆయన కంసాలి. అవి యుద్ధం రోజులు. కాగితం రూపాయిలు వచ్చేసరికి జనం పాత వెండి రూపాయిలను దాచుకునేవాళ్లు దాచుకుంటుంటే, కరిగించి గిన్నెలూ గొలుసులూ చేయించుకునేవాళ్లు చేయించుకుంటున్నారు. తాతకు మాత్రం రంగు తిరిగిన రూపాయి కనిపిస్తే మూసలో వేసి కరిగించడానికి చేతులు రావు, పక్కన దాచుకుంటాడు. అందుకు వీధంతా ఆయన్ని చూసి నవ్వేది.

తాత దాన్ని అంచులు పట్టుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

"యాడిదిమ్మా ఇది?"

చెప్పాను. దేవుడి సొమ్ము బజారుకు తెచ్చినందుకు తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"గంధకం పొగ పెట్టి ఇట్లాంటి రంగు తెప్పించే ఘనులు ఉండారు. అది మచ్చలు మచ్చలుగా కూసుంటాది. ఇది సూడు, అంచు నుంచి ఎట్ల మెల్లగా దిగొచ్చిందో. గుడ్డా, పసుపూ, గాలీ కలిసి పదేండ్లు పని చేసినాయి. కడగొద్దమ్మా. ఒకసారి కడిగితే, నేను గాదు గదా, ఆ బ్రహ్మ దిగొచ్చినా మళ్లీ తేలేడు."

తర్వాత గొంతు తగ్గించి, తన పెట్టెలోంచి ఒక తెల్లటి రూపాయి తీశాడు. అదే రాజు, అదే తూకం.

"దేవునికి ఇది ఎయ్యి. అది నువ్వు పెట్టుకో."

తీసుకోవాలని ఎంత ఉండిందో! కానీ అమ్మ ఇస్తానన్నది ఈ రూపాయి. దేవుడికి టోపీ వేసి, ఆ తర్వాత హాయిగా పెళ్లిపీటల మీద కూర్చోవడం నా వల్ల కాలేదు. వద్దు తాతా అన్నాను. ఎలాగూ ఇవ్వక తప్పదు కాబట్టి, ఆ రంగులతోనే ఇస్తాను, కొండ మీద పగటి వెలుగులో ఒక్కసారి కరువుదీరా చూసుకుని మరీ వేస్తాను అనుకున్నాను. నేను కోరుకున్నది అంతే. అది పెద్ద కోరికేమీ కాదు.

రూపాయిని కొత్త పసుపుగుడ్డలో కట్టి, పాతది చినిగిపోయిందని మాత్రం నాయనకు చెప్పాను. బజారు సంగతి చెబితే నా వీపు విమానం మోత మోగేది.

నాయన ఆ మూట వైపు చూశాడు. "లోపల రూపాయి ఎట్లుండాది పాపా? నల్లబడిందా?"

"రంగు మారింది నాయనా," అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. ఎందుకని నేను అడగలేదు. నా గుట్టు బయటపడుతుందేమోనన్న గాభరాలో ఉన్నాను.

తిరుపతిలో సత్రంలో దిగాం. పొద్దున నేను తలకు పోసుకుని తడిజుట్టుతో వచ్చేసరికి, నాయన పెరట్లో నీళ్లతొట్టి దగ్గర అటు తిరిగి గొంతుక్కూర్చుని ఉన్నాడు. వంటకని తెచ్చుకున్న చింతపండు ఒక చేతిలో ఉంది. పొయ్యి బూడిద పక్కన ఉంది. పూజ కుందులు తోమినట్టు రూపాయిని తోముతున్నాడు. మా ఇళ్లలో వెండి ఏదైనా దేవుడి ముందుకు పోవాలంటే తోమాకే పోతుంది. చిన్నప్పటి నుంచి ఆ పని చేస్తూ పెరిగినదాన్ని, ఆ ముక్క నాకు ముందే ఎందుకు తట్టలేదో!

"నాయనా!" అని అరిచాను.

ఆయన నీళ్లు పోసి కడిగి, పంచె అంచుతో తుడిచి నా ముందు పెట్టాడు. తెల్లగా, బోసిగా ఉంది. ఆచారి తాత ఇస్తానన్న రూపాయికీ దానికీ ఏమీ తేడా లేదు. నీలం లేదు, మడతల గీతలు లేవు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కొండ మెట్లు ఎక్కినంతసేపూ నాయన గోవిందా అంటుంటే నేను పళ్లు బిగబట్టి నడిచాను. కానీ ఎవరి మీద చూపించను ఆ కోపం? దాచిపెట్టింది నేను. తాత చెప్పిన మాట ఒక్కటి నాయన చెవిన వేసి ఉంటే, నాలుగు దెబ్బలతో పోయేది. దొంగబుద్ధితో రూపాయి మార్చుకుని ఉన్నా ఆ రంగులు నా పెట్టెలో భద్రంగా ఉండేవి. ఇప్పుడు చేయడానికి ఏమీ లేదు, మెట్లు ఎక్కడం తప్ప.

హుండీ దగ్గర జనం తోసేస్తున్నారు. నాయన నా చేతిలో రూపాయి పెట్టి, నా పిడికిలి పట్టుకుని లోపలికి దించాడు. వేళ్లు వదిలాను. పడిన చప్పుడు కూడా వినపడలేదు.

బయటికొచ్చి గోడ నీడలో కూర్చున్నాక, ఎందుకు తోమావని నిలదీద్దామనే నోరు తెరిచాను. నేను అడిగేలోపే ఆయన మొదలుపెట్టాడు.

"కొండకు పోదాం, పోదాం అని మీయమ్మ అడగతానే ఉండె. నేనే ఈ నెల గాదు, వచ్చే నెల అంటా వచ్చినా. మొక్కు తీర్సలేదనే దేవుడు ఆమెను తీసుకపోయినాడు పాపా. గూట్లో ఆ మూటను సూసినప్పుడల్లా, నా తప్పు దాని లోపల నల్లగా పేరుకుంటా ఉండాదని అనుకుంటా ఉంటి. నువ్వు రంగు మారిందనేసరికి నిజమే అనిపించె. పొద్దున గుడ్డ విప్పినా గానీ, దాని దిక్కు సూడలేకపోతి. కండ్లు మూసుకోని తోమినా."

తోమి తోమి ఆయన వేళ్ల కొసలు ఒరుసుకుపోయి ఉన్నాయి. నా వైపు తిరిగి, భయంభయంగా అడిగాడు.

"అంతా పోయినట్టే గదా పాపా? యాడన్నా కొంచెం మిగిలిందా?"

ఆయన వేళ్లను నా చేతుల్లోకి తీసుకున్నాను.

"ఏమీ మిగల్లేదు నాయనా," అన్నాను.

అమ్మ పోయాక ఆయన అంత తేలిగ్గా ఊపిరి తీసుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.