శనివారం సాలు

చిన్న మంగళారంలో అంజిలయ్యలు నలుగురున్నారు. కోతుల అంజిలయ్య మాత్రం ఒక్కడే. ఆ పేరు ఎగతాళికి పెట్టారో మర్యాదకు పెట్టారో పెట్టినవాళ్లకే తెలియాలి. ఆయన మాత్రం చాలా ఏళ్లు మర్యాద కిందే జమకట్టుకున్నాడు.

ఆయనకు ఎకరంన్నర చేను, ఒక బోరు ఉండేవి. ఏడాదిలో ఎక్కువ నెలలు క్యారెట్టో బీట్‌రూటో వేసేవాడు. గడ్డలు కడిగి, మూటలు కట్టి, మొయినాబాద్‌లో మెహదీపట్నం బస్సెక్కించి అమ్ముకురావడం భార్య జంగమ్మ పని. గట్టు మీద కూర్చుని చేను కాయడం ఆయన పని. ఈ రెండిట్లో ఏది పనో ఏది కాదో జంగమ్మకు గట్టి అభిప్రాయం ఉండేది. దాన్ని ఆమె ఎన్నడూ దాచుకోలేదు.

కోతులు మొదటినుంచీ ఊళ్లో లేవు. గుట్ట వెనక సీతాఫలం, రేగు, మేడి చెట్లుండేవి. అక్కడే తిని అక్కడే పడుకునేవి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేచాక అక్కడి జీతాలు ఇటువైపు భూములై మొలవడం మొదలుపెట్టాయి. గుట్ట వెనక ప్లాట్లు పడ్డాయి, ఫామ్‌హౌసులకు ప్రహరీలు లేచాయి, చెట్లు పోయాయి. ఆ చెట్లు కొట్టడానికి వెళ్లిన కూలీల్లో అంజిలయ్య కూడా ఉన్నాడు. రోజుకూలీ బాగా ఇచ్చారని నెలరోజులు వెళ్లాడు. కాబట్టి కోతులు దిగివచ్చి చేలమీద పడ్డప్పుడు ఊరంతా తిట్టినంత గట్టిగా ఆయన తిట్టలేకపోయాడు.

ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. శనివారం ఆంజనేయస్వామి రోజు గనక ఆ రోజు కోతి మీద ఎవరూ చెయ్యెత్తరు. మిగిలిన ఆరు రోజులు వడిసెల రాళ్లు, టపాకాయలు, కుక్కలు, బూతులు. శనివారం పొద్దున గుడి మైకు మోగిందా, ఊళ్లో వడిసెలలన్నీ చూరులోకి పోతాయి. ఈ సంగతి కోతులకు తెలిసిపోయిందని ముందుగా కనిపెట్టినవాడు అంజిలయ్యే. వారమంతా ఒకటీ రెండూ దొంగచాటుగా వచ్చేవి, శనివారం పిల్లాజెల్లాతో మందకు మంద దర్జాగా నడిచి వచ్చేవి. ఆయన చెబితే మొదట అందరూ నవ్వారు. మూడు శనివారాలు లెక్కబెట్టాక నవ్వడం మానేశారు.

మందకు పెద్ద ఒక ముసలి ఆడకోతి. దానికి ఎడమ చెవి సగం లేదు. అంజిలయ్య దానికి సర్పంచి అని పేరు పెట్టాడు. అప్పట్లో ఊరి సర్పంచి కూడా ఆడమనిషే. ఆమె మాట వార్డు మెంబర్లు వినేవాళ్లో లేదోగాని, ఈ సర్పంచి మాట ముప్పై కోతులూ వినేవి.

శనివారం ఎలాగూ కొట్టలేడు, చేను ఎలాగూ పోతుంది. అందుకని అంజిలయ్య ఒక ఉపాయం చేశాడు. వేపచెట్టు పక్కనున్న ఒక్క సాలును కోతులకే వదిలేశాడు. అవి ఆ సాలులో తింటున్నంతసేపు గట్టు మీద రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చునేవాడు. ఏ ఒక్కటి రెండో సాలులో కాలు పెట్టినా లేచి నిలబడేవాడు. రాయి తీసేవాడు కాదు, అరిచేవాడు కాదు, ఊరికే నిలబడేవాడు. నిలబడగానే మంద మొత్తం పరుగెత్తి, నోటి దగ్గరి కూడు పోగొట్టుకునేది. రెండు మూడేళ్లలో సర్పంచికి సంగతి బోధపడింది. పిల్లకోతి ఏదైనా రెండో సాలు వైపు చెయ్యి చాపితే ఆయన లేవకముందే అదే వచ్చి దాని వీపు మీద ఒక్కటిచ్చేది. మిగిలిన రోజుల్లో కూడా అవి ఆయన చేనులోకి రావడం తగ్గిపోయింది.

ఇదంతా చూసి ఆశ్చర్యపోయినవాడు సాయిదీప్. చేవెళ్లలో విత్తనాల దుకాణం దేవదాస్ సేటు కొడుకు. గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ, పక్కనే అరెకరం కొని, శనివారం శనివారం కారులో వచ్చేవాడు. రెండు గంటలు గట్టు మీద అంజిలయ్య పక్కనే కూర్చుని, సర్పంచి ఒక పిల్లను కొట్టడం కళ్లారా చూశాడు.

"కాకా, దొంగతనం ఏ జంతువన్నా నేర్చుకుంటది. మాట మీద నిలబడుడు నేర్చుకున్నయి చూడు, అది పెద్ద సంగతి," అన్నాడు. "దీని మాట వినేవాటికి తిండి దొరుకుతది, వాటి పిల్లలు బతుకుతయి. వినని వాటికి రాళ్లు. గిట్లనే వంద తరాలు పోనీ. పుట్టుకతోనే ఒప్పందం తెలిసిన కోతులు వస్తయి. మనిషితోని కూసొని బేరం జేస్తయి."

"బేరం జేస్తే మా జంగమ్మ ముందట నిలువయి సారూ," అన్నాడు అంజిలయ్య.

"నవ్వకు కాకా. ఆఫీసుల మేము ఇంతమందిమి కంప్యూటర్లకు జర తెలివి నేర్పుదామని తిప్పలు పడుతున్నం. నువ్వు ఈడ ఉత్తగ కూసొని నేర్పినవ్."

ఆ మాట అంజిలయ్యకు తలకెక్కింది. ఎక్కదా మరి, గట్టు మీద కూర్చోవడం కూడా ఒక పనే అని జీవితంలో మొదటిసారి ఎవరో అన్నారు. ఆ సాయంత్రం జంగమ్మకు చెప్పాడు, హోటల్లో చెప్పాడు, మొయినాబాద్ బస్సు కండక్టరుకు కూడా చెప్పాడు. తన మనవడి మనవడు ఈ చేనులో కోతితో మాట్లాడి సాలు పంచుకుంటాడని, ఆ చదువుకు మొదటి బడి తనదేనని ఊహించుకుని సంబరపడ్డాడు.

ఆ సంబరాన్ని కరుణమ్మ ఒక్క పూటలో దించేసింది. ఆమె భర్త లేని మనిషి, అంజిలయ్య చేనుకు అవతల అరెకరంలో చిక్కుడు వేసింది. ఒక గురువారం కోతులు పందిరి మొత్తం పీకి కింద పడేశాయి. ఆమె పీకిన తీగలు చేతిలో పట్టుకుని అంజిలయ్య ఇంటి ముందుకొచ్చి నిలబడింది.

"నీ సాలు నీకు మంచిగనే ఉన్నదన్నా. శనివారం నువ్వు పెడుతున్నవ్, సరే. కడమ ఆరు దినాలు అవి ఏడ తింటయో ఎన్నడన్న అడిగినవా?"

ఆ ప్రశ్న అంజిలయ్యకు ముందే తెలుసు; ఎవరూ అడగనంతకాలం బాగానే ఉంది. తన చేను తప్పించడమంటే పక్కవాళ్ల చేను చూపించడమే కదా.

రైతులూ ఫామ్‌హౌసువాళ్లూ కలిసి కోతులు పట్టే మల్లేశ్‌ను పిలిపించారు. అతను ఊరి చుట్టూ బోన్లు పెట్టి, అరటిపళ్లు కట్టి, మూడు వారాలు కాచుకున్నాడు. పళ్లు మాయమయ్యేవి గాని ఒక్క కోతి పడలేదు. చివరికి విసిగి, అవి భయం లేకుండా తినే చోటు ఎక్కడైనా ఉందా అని అడిగాడు. ఊరంతా అంజిలయ్య వైపు చూసింది.

"శనివారం గద," అన్నాడు అంజిలయ్య, చిన్నగా.

"కొట్టొద్దన్నరు గని పట్టొద్దన్లే," అన్నాడు మల్లేశ్. "దూరం అడవిల ఇడిసిపెడత కాకా. నువ్వేం జెయ్యకు. రోజు లెక్కనే కూసో."

పెద్దమనుషులు కూడా అదే అన్నారు. చెయ్యెత్తితే కదా పాపం అన్నారు. అంజిలయ్య ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. కాదనే దారి ఆయనకు ఉంది. ఆ సాలు ఆయనది, ఆ చేను ఆయనది. కానీ కరుణమ్మ చేతిలోని తీగలు కళ్లముందునుంచి పోవడం లేదు, పైగా ఊరంతా తనవైపే చూస్తోంది. సరేనన్నాడు.

శనివారం పొద్దున మైకు మోగింది. వేపచెట్టు కింద సాలు మీద పెద్ద బోను, లోపల క్యారెట్ కుప్ప. మల్లేశ్ తాడు పట్టుకుని మోటారు గది వెనక దాక్కున్నాడు. మంద వచ్చి దూరంగా ఆగింది. సర్పంచి ఒక్కటే ముందుకొచ్చి బోనును చూసింది, తర్వాత అంజిలయ్యను చూసింది. ఆయన అప్పటికింకా నిలబడే ఉన్నాడు. అలాగే నిలబడి ఉంటే అవి వెళ్లిపోయేవి. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆ కోతికీ తెలుసు.

అంజిలయ్య కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

సర్పంచి లోపలికి నడిచింది. దాని వెనక మంద అంతా నడిచింది, కొంచెం బెరుకు ఎక్కువైన రెండు మూడు తప్ప. తలుపు దబ్బున పడింది.

లోపల కోతులు ఊచలు పట్టుకుని గీపెట్టాయి. సర్పంచి అరవలేదు. ఆయన చేతుల వైపు చూసింది. అవి మోకాళ్ల మీదే ఉన్నాయి. అప్పుడది వెనక్కి తిరిగి, తన మందలోని పిల్లకోతులను ఒక్కొక్కదాన్నే పట్టుకుని వీపు మీద కొట్టడం మొదలుపెట్టింది. సాలు దాటినప్పుడు కొట్టినట్టే కొట్టింది. అంజిలయ్యకు కాసేపటికి అర్థమైంది. ఆ మనిషి మాట తప్పడని దానికి అంత నమ్మకం. తప్పు తన పిల్లల్లోనే ఎవరో చేసి ఉంటారనుకుంది.

ఆయన లేచి రెండు చేతులూ ఊపాడు. "ఇడిసిపెట్టు మల్లేశా, తలుపు తియ్యి," అన్నాడు.

"ఇప్పుడా కాకా?" అని మల్లేశ్ నవ్వాడు. అప్పటికే నలుగురు బోనును ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. అంజిలయ్య వాళ్లకు అడ్డం పడలేదు. ఒకసారి అడిగాడు, మళ్లీ అడగలేదు. ఆ రెండోసారి ఎందుకు అడగలేదో ఆయన తర్వాత చాలాకాలం తనను తాను అడుగుతూనే ఉన్నాడు.

పై శనివారం సాయిదీప్ వచ్చి మంద ఏదని అడిగాడు. అంజిలయ్య మొదట "పోయినయి" అన్నాడు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సాయిదీప్ తిట్టలేదు, తిడితే కొంచెం బాగుండేది.

"మిగిలినయి ఏవి కాకా?"

"బోన్లకు పోనియి. రెండో మూడో."

"అంటే నిన్ను నమ్మనియి మిగిలినయి. ఇగ వాటి పిల్లలే పుడతయి," అని లేచి కారెక్కాడు.

మిగిలిన మూడూ రెండేళ్లకు ఎనిమిదయ్యాయి, ఆ తర్వాత పన్నెండయ్యాయి. అవి వారమంతా వచ్చేవి, ఒక్క శనివారం తప్ప. వడిసెల చూస్తే కొంచెం జరిగి కూర్చునేవి, టపాకాయకు చెవులు కూడా కదిపేవి కావు. అంజిలయ్య వేపచెట్టు పక్క సాలు వదిలిపెడుతూనే ఉన్నాడు. అది ముదిరి పూతకొచ్చేది. "పసులకన్న ఎయ్యరాదా," అని జంగమ్మ గొణిగేది. ఆమె గొణగడంలో ఇదివరకటి కారం లేదు. మనిషి తిండి తగ్గించాడని ఆమె చూస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం కరుణమ్మ పరుగున వచ్చింది. ఈసారి పందిరి బాగా కాసింది, కోతులు పక్క ఫామ్‌హౌసు గోడ మీద కూర్చున్నాయి.

"అన్నా, జర మా చేన్లకొచ్చి కూసోవా?"

"కూసునుడేంది?"

"నీకు ఎరుకలేదా? నువ్వు నిలవడితె కదలయి. హోటల్ అరుగు మీద నువ్వు కూసుంటెనే ఉరుకుతయి. ఊరందరికి ఎరుకే."

ఆయనకు ఎరుకలేదు. బోను పడ్డ రోజునుంచి ఆయన ఏ గట్టు మీదా కూర్చోలేదు. వెళ్లాడు. కరుణమ్మకు ఆ మాత్రం బాకీ ఉన్నాననుకున్నాడు. పందిరి పక్క గట్టు మీద మోకాళ్ల నొప్పితో మెల్లగా కూలబడి, అలవాటు కొద్దీ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. గోడ మీద ఒక తల్లి కోతి, పక్కన ఆ ఎండాకాలమే పుట్టిన పిల్ల ఉన్నాయి. ఆ పిల్లకు బోను తెలియదు, సర్పంచి తెలియదు. తల్లి ఇంకా ఆయన్ను చూడనేలేదు. పిల్లే ముందు చూసింది. కీచుమని అరిచి తల్లి పొట్టకు కరుచుకుంది. క్షణంలో గోడ ఖాళీ అయింది.

అంజిలయ్య ఖాళీ గోడ వైపు చూశాడు. తాను చచ్చిపోతాడు, ఊరు ఆయన పేరు మరిచిపోతుంది. ఆ పిల్ల పిల్లలకు మాత్రం, వాటి పిల్లలకు మాత్రం, ఇలా కూర్చున్న మనిషి ఏం చేస్తాడో తెలిసే ఉంటుంది. ఆయన పెట్టిన బడి నడుస్తూనే ఉంది, పాఠమే మారింది.

కరుణమ్మ చాయ్ తెచ్చి చేతికిచ్చింది.

"నీకు పుణ్యముంటదన్నా. రేపు గూడ జర రా," అంది.

అంజిలయ్య గ్లాసు పట్టుకుని, లేస్తే కోతులు మళ్లీ వస్తాయని, పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాడు.