తేలు దూరని నేల

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజులవి. భోపాల్‌పట్నంలో నేను బడిపంతులును. వానాకాలం ఇంద్రావతి పొంగితే దారులన్నీ మూసుకుపోయేవి. ఇంట్లో మట్టినేల మీద అలుకు ఆరేది కాదు, చాప ఎత్తితే కింద బూజు. నా భార్య మొదటి కాన్పు ఆ తడి మీదే జరిగింది. జ్వరం పట్టి చాలాకాలం లేవలేదు. బిడ్డ దక్కలేదు. గాలి సోకిందన్నారు ఊళ్లోవాళ్లు. గాలి కాదు, నేల అన్నాను నేను. ఎవరు విన్నారు గనక!

ఆమె మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు, పురిటి గదిలో నా చేతులతోనే చెక్కలు పరచాలని నిశ్చయించుకున్నాను. టేకు ముట్టుకోవాలంటే అడవి కాపలా చూసే జంగిల్ నాకేదారు అనుమతి కావాలి. అందుకని నల్లమద్ది పలకలు కోయించి వేసవంతా వసారాలో ఎండబెట్టాను. కూతురి కాన్పు కోసం వచ్చిన మా అత్త వాదానికి దిగింది.

"ఏంది అల్లుడా, భూదేవిని ముట్టకుంట కంటదా నా బిడ్డ?"

"భూదేవిని కాస్త తడి ఆరమనండి అత్తమ్మా, అప్పుడు ముట్టుకుంటుంది."

"నోరు నీకున్నది గద, నువ్వే చెప్పుకో. మరి చెక్కల కింద తేళ్లు కాపురం పెడితె? సందుల్లకెల్లి పైకొస్తె?"

ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. సభల్లో వాదం నేర్చినవాణ్ణి, ఎదుటివారి అభ్యంతరాన్ని సగం మిగిల్చి వదలడం నాకు చేతకాదు. పలకకు పలక ఆనించి కొయ్యసుత్తితో బిగగొట్టాను. గోడల దగ్గరా గడప దగ్గరా దారం కూడా దూరదు. తేలు ఎటునుంచి వస్తుందో చూపించమన్నాను. ఆమె వంగి నాలుగు మూలలూ వెదికి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

వానలు మొదలయ్యాయి. ఎండిన చెక్క తేమ తాగి ఉబ్బింది. పక్కకు జరగడానికి నేను చోటు ఉంచలేదు. ఇక గడప లోపలి పలకలు వీపులా పైకి లేచాయి. లోపలికి తెరుచుకునే తలుపు వాటి మీద గీసుకునేది. రోజూ భుజంతో నెట్టి తెరిచేవాణ్ణి.

నొప్పులు మొదలైన పొద్దున అత్త మంత్రసాని కోసం పరుగెత్తింది. ఏటవాలు జల్లు గదిలోకి కొడుతోంది. నా భార్య చాప దాకా తడి రాకూడదని, లోపలి నుంచి తలుపు మూయడానికి బలంగా తోశాను. అది ఆ ఉబ్బును ఎక్కి, అవతల దబ్బున పడి గడపకు అతుక్కుంది. లాగితే రాలేదు. గునపం, సుత్తి వసారాలో ఉన్నాయి. గదికి కిటికీ లేదు, గోడ పైన చెయ్యి పట్టేంత గాలికంత తప్ప. గోళ్లతో పలక అంచు లేపబోయాను. అంచు అనేదే లేకుండా చేసింది నేనే కదా!

బయట అడుగుల చప్పుడు.

"అయ్యా, తలుపు తియ్యి" అంది మంత్రసాని.

"రావడం లేదు! మీరు నెట్టండి!"

ఇద్దరూ నెట్టారు. తలుపు కదల్లేదు. వెనక నా భార్య మూలుగు దగ్గర దగ్గరగా వస్తోంది.

"తడిక గోడనే. గునపంతోని కంత పెడితె నేనొస్త" అంది మంత్రసాని.

"వద్దే!" అత్త కేక. "గోడ పగలగొట్టేది చెడ్డ ఘడియల పోయిన పీనుగను తీస్తందుకు. బతికున్న బిడ్డుండంగనా?"

నేను తలుపుకు నోరు ఆనించి మొదలుపెట్టాను. గోడ మట్టి, తడిక వెదురు, వీటికి శకునం ఎక్కడిది, అని. అత్త తలుపు అవతలి నుంచి అంతకంటే గట్టిగా బదులిచ్చింది. నా గొంతు బొంగురుపోయింది. గునపం మాత్రం లేవలేదు.

"ఏమయ్యా" అంది నా భార్య, చాప అంచు పిడికిట పట్టి. "మా అమ్మను నువ్వు గెలిచినంక కనాలెనా నేను? జర ఊకో." తర్వాత గాలికంత వైపు మొహం తిప్పి కేకేసింది. "అమ్మా! పీనుగను బయటికి తీస్తరు. ఈమె లోపటికొస్తది. లోపటికి వచ్చేదానికి ఏం దోషమే?"

వసారాలో గునపం ఎత్తిన చప్పుడు వినిపించింది. తర్వాత గోడ అదిరింది. కొట్టింది అత్తే.

పీనుగను కాళ్లు ముందుగా బయటికి తీస్తారు గనక, మంత్రసానిని తల ముందు పెట్టి దూరమంది. ఆమె మట్టి కొట్టుకుని, తిట్టుకుంటూ లోపలికి పాకింది. కాసేపటికి బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల.

అత్త కంతలోంచి గునపం లోపలికి తోసి ఆజ్ఞ చేసింది. "ఇది లోపటికి వచ్చే తోవనే. ఈ కంతలకెల్లి ఒక్కలు కూడ బయటికి రావద్దు. తలుపు నుంచే రావాలె."

అది అర్థం లేని మాట. నేను పాకి బయటపడవచ్చు. అయినా ఆ మాట మీదే కదా గోడ పగిలింది. గునపం తీసుకుని గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, బిగించిన పలకను పెళ్లగించడం మొదలుపెట్టాను. మొదటిది విరిగి లేచింది. కింద మట్టి చిత్తడిగా ఉంది.

"తలుపు కాడియి తియ్యి చాలు" అంది నా భార్య, బిడ్డను పక్కకు పొదువుకుంటూ. "నా కిందియి ఉండనియ్యి. పొడిగున్నయి."