బాత్రూం బయట ప్రార్థన

షికాగో వెళ్ళే విమానంలో ఫోన్‌లో మెడిటేషన్ యాప్ సన్నగా పెట్టుకున్నాను. "ఈ క్షణంలో ఉండండి" అని అది చెబుతుంటే నేను ల్యాప్‌టాప్‌లో ఆఫీస్ మెయిల్స్ చూసుకుంటున్నాను. పక్క సీటు పెద్దాయన యూదుడు, నడినెత్తిన చిన్న టోపీ. బాత్రూంకి వెళ్ళొచ్చి, కూర్చోకుండా కళ్ళు మూసుకుని ఏదో గొణిగాడు.

"ఆర్ యూ ఓకే, సర్?" అన్నాను కంగారుగా.

"ఓకే కాబట్టే దేవుడికి థాంక్స్ చెప్తున్నా. ఒంట్లో తెరుచుకోవలసినవి తెరుచుకున్నాయి కదా. వెళ్ళొచ్చిన ప్రతిసారీ చెప్పుకోవడం మా పద్ధతి. కిడ్నీలో రాయి అడ్డంపడేదాకా నేనూ ఊరికే గబగబా అనేసేవాణ్ణి," అన్నాడు.

మా ఇంట్లో బాత్రూంకి వెళ్ళొస్తే, కాళ్ళు కడుక్కోనిదే దేవుడి గది గుమ్మం తొక్కనివ్వరు. ఈయన దేవుణ్ణి ఏకంగా బాత్రూం గుమ్మం దాకా పిలిచాడు.

నాకూ భక్తి పుట్టుకొచ్చింది. వెంటనే వెళ్ళాను. అన్నీ సవ్యంగానే జరిగాయి. తిరిగొచ్చి సీటు పక్కన నిలబడి, ఆయన చూసేలా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను.

కళ్ళు తెరిస్తే ఎదురుగా ఎయిర్‌హోస్టెస్, ఆమె చేతిలో నా ఫోన్. బాత్రూంలో మరిచిపోయి వచ్చానట. అందులోంచి ఆ గొంతు ఇంకా చెబుతూనే ఉంది, ఈ క్షణంలో ఉండమని.