ఒకసారికి ఒక్కటే

హనుమండ్లు సారు ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. రెండు మార్చమంటే ఆయనకు చెమటలు పడతాయి.

దసరాకు కొత్త చొక్కా తొడిగితే కింద పాత ప్యాంటే ఉంటుంది. కొత్త ప్యాంటు దీపావళికి. సెలూన్‌కు వెళితే గడ్డం ఈ వారం, జుట్టు వచ్చే వారం. ఒకరోజు సెలూన్ అంతయ్య ఉండబట్టలేక అడిగాడు.

“రెండూ ఒక్కపారే చేస్తే ఏమైతది సారు?”

“ముఖం బాగలేదనుకో. తప్పు గడ్డానిదా, జుట్టుదా? ఎట్ల తెలుస్తది?”

“ముఖానిది గూడ కావచ్చు సారు,” అన్నాడు అంతయ్య.

ఇంట్లో జమునమ్మ పరిస్థితి ఇంకా కష్టం.

“పులుసు బాగుంది. ఎందుకు బాగుందో తెలుస్తలేదు,” అంటాడు సారు కంచం ముందు కూర్చుని.

“బాగుంటే తినరాదు?”

“చింతపండు మార్చినవు, కారం గూడ మార్చినవు. రేపు పాత కారంతోని వండు, చూద్దాం.”

“రేపు నేను మా తల్లిగారింటికి పోత. గదొక్కటే మార్పు.”

కరీంనగర్‌లో ఒక కాలేజీ ల్యాబ్ చూసుకునే ఈ మనిషికి జీతం లేని ఉద్యోగం ఇంకొకటి ఉంది. వైఫై డబ్బాల్లో, బోరు మోటార్ల స్టార్టర్లలో చిట్టి కంప్యూటర్లు ఉంటాయి. వాటికి కావలసిన సాఫ్ట్‌వేర్ ముక్కలన్నీ పోగుచేసి ఒక్క మూటగా కట్టి ఇచ్చే బిల్డ్ సిస్టమ్ ఒకటుంది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా మార్పులు పంపవచ్చు. వచ్చినవాటిని చదివి లోపలికి రానిచ్చేది ఇద్దరు. ఒకరు జర్మనీలో ఉంటారు, రెండోవాడు హనుమండ్లు సారు.

నవీన ఆయన చేతికి చిక్కింది అక్కడే. సిరిసిల్లలో నాలుగు మరమగ్గాలు నడిపే మల్లేష్ బిడ్డ. పోగు తెగగానే మగ్గాన్ని ఆపే పరికరం ఒకటి చేసింది. అందులో వాడిన చవక కంప్యూటర్ బోర్డు సంగతి ఈ బిల్డ్ సిస్టమ్‌కు తెలియదు. తెలిసేలా చేయడానికి రెండు నెలలు కూర్చుంది. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆమెకు మాట ఇచ్చింది: బిల్డ్ సిస్టమ్ కొత్త రూపం నెలాఖరుకు విడుదలవుతుంది, అందులో ఆ బోర్డు ఉంటే ఒకటో తారీఖున ఉద్యోగంలో చేరవచ్చు. లేకపోతే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు.

పని మొత్తం ఒక్క మార్పుగా చేసి పంపింది. గంటలో జవాబు వచ్చింది. “పని బాగుంది. ఇందులో ఎనిమిది మార్పులు ఉన్నవి. ఎనిమిదిగా విడగొట్టి పంపగలరు.”

పళ్లు కొరుక్కుంటూ విడగొట్టి పంపింది. “నాలుగోదాంట్లో ఇంకొకటి దాక్కుని ఉంది,” అని మళ్లీ తిప్పి పంపాడు. మరునాడు పొద్దున్నే నవీన బస్సెక్కి కరీంనగర్‌లో ఆయన ఇంటికి వచ్చింది.

“సార్, నడుస్తుందా లేదా గదొక్కటి చూడుండ్రి.”

“చూసిన. మంచిగ నడుస్తుంది.”

“మరి?”

“నాలుగోది విడగొట్టు.”

“మీరే విడగొట్టి వేసుకోరాదు సార్? మీకు పావుగంట పని.”

“పది నిమిషాలు,” అన్నాడు సారు, ఉన్న మాట దాచకుండా.

జమునమ్మ కప్పు తెచ్చి ఆమె చేతికిచ్చింది. “చాయ్ ఒక్కటే తెచ్చిన. బిస్కెట్లు గూడ తెస్తే మీ సారు పరేషాన్ అయితడు.”

తిరుగు బస్సులో సిరిసిల్ల వచ్చేదాకా నవీన ఆయన్ను మనసులో తిడుతూనే ఉంది. తిట్టుకుంటూనే నాలుగోదాన్ని విడగొట్టింది. తొమ్మిదీ ఒక్కొక్కటిగా లోపలికి వెళ్లాయి.

విడుదలకు రెండు రోజుల ముందు అందరూ మూట కట్టి చూసుకుంటుంటే చాలా దేశాల్లో అది మధ్యలోనే ఆగిపోయింది. తప్పు నవీనదే. తన కంప్యూటర్‌లో ముందు నుంచీ ఉన్న చిన్న ప్రోగ్రాం ఒకటి అందరి దగ్గరా ఉంటుందనుకుంది. జర్మనీ ఆయన అందరికీ కనిపించేలా రాశాడు: కొత్త బోర్డు మొత్తం తీసేద్దాం, వచ్చే విడుదలకు చూద్దాం.

వచ్చే విడుదల మూడు నెలలకు. నవీన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మగ్గాల పక్కన అట్లాగే కూర్చుంది. ఇంకా మూయలేదు. పది నిమిషాలకు సారు జవాబు కింద కనిపించింది.

“తప్పు చేసింది ఏడోది. తెర మీద అంకెలు చూపించేది. దాన్ని తీసేసి కట్టి చూశాను, నడుస్తున్నది. మిగతా ఎనిమిది ఏం తప్పు చేశాయని తీయాలి? కొత్తగా వచ్చిన మనిషి పని ఒక్క తప్పుతో మొత్తం పోకూడదనే విడగొట్టించాను. అవి ఉంటాయి.”

జర్మనీ నుంచి ఒకే మాట వచ్చింది. “సరే.”

నవీన ఒక్క ఉదుటున లేచి బాపుకు అంతా చెప్పింది. మల్లేష్ మగ్గం మీద నుంచి చూపు తిప్పకుండానే విన్నాడు.

“ఒక్క పోగు తెగితే గా పోగే ముడేస్తం. బట్ట తానంత చింపుతమా? గీ ముచ్చటకు జర్మనీ దాక పోవాల్నా?”

విడుదలైన రోజు, ఏ మార్పు ఎవరు చేశారో చెప్పే జాబితాలో నవీన పేరు ఎనిమిది చోట్ల కనిపించింది. సారు పది నిమిషాలు పెట్టి తానే విడగొట్టి రాసుకుని ఉంటే అక్కడ సారు పేరుండేది. వెతికితే అది ఒక్కచోట కూడా లేదు. కంపెనీ కాగితం రాగానే ఆమె మొదటి ఫోన్ ఆయనకే చేసింది.

“సార్, కొలువు వచ్చింది. ఒకటో తారీఖు చేరాలె.”

“మంచిగైంది. రోజూ సిరిసిల్ల నుంచే పోయి వస్తవా?”

“అంత దూరం ఎట్లైతది సార్? హైదరాబాద్‌ల హాస్టల్ చూసుకున్న.”

“అంటే కొలువు మారుతుంది, ఊరు గూడ మారుతుంది.”

“ఔ సార్.”

“రెండూ ఒక్కపారే?”

నవీన నాలుక కరుచుకుంది. ఫోన్‌లో సారు వెనక నుంచి జమునమ్మ గొంతు వినిపించింది, “పోనియ్యుండ్రి, పోనియ్యుండ్రి,” అని.

“సరే,” అన్నాడు హనుమండ్లు సారు గొంతు సవరించుకుని. “గీ ఒక్కటి విడగొట్టకుంటనే రానిస్తున్న. పోయి రా బిడ్డా.”